సైకిలుకు బేడీలు

సైకిలుకు బేడీలు వేసి, మనుషులను మాత్రం చిటికెన వేలు పట్టుకుని నడిపించిన హెడ్ కానిస్టేబుల్ పోయాడు.

ఆ సంగతి నాకు మా కోర్టు బెంచి క్లర్కు చెప్పాడు, అదీ ఇద్దరు ఖైదీల రిమాండు పొడిగింపుకు మధ్యలో. ఇప్పుడు ఖైదీలను కోర్టుకు నడిపించుకొచ్చే పని చాలావరకు తగ్గింది. గోడకు తగిలించిన తెర మీద జైలు గది కనిపిస్తుంది. ఒక్కొక్కరే వచ్చి నిలబడి పేరు చెప్తారు. "పద్నాలుగు రోజులు" అంటారు జడ్జిగారు. నిమిషంలో అయిపోతుంది. క్లర్కు ఫైలు మూస్తూ నా వైపు వంగి, "మేడం, మన చిటికెనేలు సాబ్ మొన్న పోయిండంట" అన్నాడు. తెర మీద ఉన్న మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకీ వెనక్కీ మారుస్తున్నాడు. ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాను. నా కేసు పిలిచినా వినపడలేదు. జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూస్తే అప్పుడు లేచాను.

ఆయన పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. రాస్తే, "గవన్నీ ఎందుకమ్మా" అనే రకం ఆయన.

పోలీసుకు ఉండాల్సిన వాటం ఒక్కటీ లేదు. బక్కపలచని మనిషి. టోపీ నెత్తిన కంటే చంకలోనే ఎక్కువసేపు ఉండేది. ఖైదీల కాగితాలు చీరల దుకాణం వాళ్లిచ్చిన కవరులో పెట్టుకుని తిరిగేవాడు. ప్యాంటు జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు. సబ్ జైలు నుంచి మా కోర్టుకు కిలోమీటరు కూడా ఉండదు. కూరగాయల అంగడి, గాజుల దుకాణాలు, బస్టాండు, కోర్టు. ఆ దారి పొడుగునా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ, తన కుడి చిటికెన వేలుతో ఖైదీ ఎడమ చిటికెన వేలు పట్టుకుని, పల్లీలు సగం సగం పంచుకుంటూ నడిచేవాడు. ఎడమ చెయ్యే ఎందుకని ఒకసారి అడిగాను.

"ఎవరన్నా తెలిసినోళ్లు ఎదురైతరు గదా. సలాం కొట్టుకోనీకె కుడిచెయ్యి ఖాళీగ ఉండాలె" అన్నాడు.

నేను అప్పుడు ప్రాక్టీసుకు కొత్త. రాష్ట్రం కూడా కొత్తే. వకీలును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిలకు కోర్టే ఉచితంగా ఇచ్చే వకీళ్ల జాబితాలో నా పేరుండేది. మాది మోత్కూరు దిక్కు, పెళ్లయి పాలమూరు వైపు వచ్చాను. నోరు పెద్దది. ఇప్పటికీ పెద్దదే, అప్పుడు దానికి చట్టం పుస్తకం తోడు. ఎవడో కానిస్టేబుల్ ఒక ముసలాయనకు బేడీలు వేసి తీసుకొస్తే అరికాలి మంట నెత్తికెక్కి, కోర్టు అనుమతి లేకుండా మనిషికి బేడీలు వేయడానికి వీల్లేదని వరండా దద్దరిల్లేలా అరిచాను. మర్నాడు పొద్దున వచ్చేసరికి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఒక పాత సైకిలు, దాని వెనక చక్రానికీ చట్రానికీ కలిపి బేడీలు. పక్కన ఈయన.

"హెడ్డు సాబ్, ఇదేంటి? సర్కారు బేడీలు సైకిలుకా?"

"మనిషికి వెయ్యొద్దని నిన్న నువ్వే గదమ్మా మొత్తుకున్నవు. ఊకె ఉంటే తుప్పు పడ్తయి."

నేను అరవకముందు నుంచే, చాలా ఏళ్లుగా, ఆ బేడీలు ఆ సైకిలుకే ఉన్నాయని తర్వాత తెలిసింది. పై అధికారులు అడిగితే, "తాళంచెవి పోయింది సార్" అనేవాడు. చెవి ఆయన మొలతాడుకే ఉండేది. సాయంత్రం డ్యూటీ దిగి, అటూ ఇటూ చూసి, చొక్కా ఎత్తి, వంగి తాళం తీసుకునేవాడు. అది చూడని వకీలు మా కోర్టులో లేడు.

ఇదంతా ఎప్పటినుంచని ఒకరోజు పట్టుబట్టి అడిగాను. జేబులోంచి పల్లీలు తీసి నా చేతిలో పోసి మరీ చెప్పాడు. "నేను కానిస్టేబులైన కొత్తల ఒకాయనకు బేడీలేసి బస్సెక్కించిన. సీట్లు లేవు, నిలవడ్డడు. డ్రైవరు బ్రేకు కొట్టిండు. రాడ్డు పట్టుకోనీకె చేతులేవి? మొహం మీద పడ్డడు. ముందటి పండ్లు రెండు రాలినయి. సైకిలు దొంగతనం కేసమ్మా. ఆర్నెల్లకు కొట్టేసిన్రు. కేసు కొట్టేస్తే పండ్లొస్తయా?"

ఆయన పొట్టు ఊదుకుంటూ వెళ్లిపోయాడు.

ఏ ఖైదీనీ నువ్వేం చేశావని అడిగేవాడు కాదు. ఏం తిన్నవు, ఇంటికాడ ఎవరున్నరు, జీవాలున్నయా, బోరు పోస్తాందా, ఇవే ప్రశ్నలు. ఒకడు తనంతట తానే, "సార్, నేను నిజంగ చెయ్యలె" అని ఏడుపు అందుకుంటే, "చేసినవో లేదో జడ్జి సాబ్ చూసుకుంటడు. గా ఫికర్ నాకెందుకు? నువ్వు జర జల్ది నడువు, నీ పిలుపు టైమైతాంది" అన్నాడు. నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి అని నేను కాలేజీలో మూడేళ్లు చదువుకున్నాను. అది ఇంత విసుగ్గా, ఇంత మామూలుగా కూడా చెప్పొచ్చని ఆయన దగ్గరే విన్నాను.

ఇక ఆ గొర్రెల కాపరి కేసు సంగతి. ఆయనను తలుచుకుంటే ముందు అదే గుర్తొస్తుంది, దానితోపాటు నా తప్పు కూడా.

అచ్చంపేట దిక్కు ఊరు అతనిది. ముప్పై ఏళ్లుంటాయి. మంద పల్లిచేనులో పడిందని గొడవ. గుంపు తోపులాటలో చేను గలాయన తల పగిలింది. కర్ర వేసింది ఇతనేనని కేసు పెట్టారు. అరెస్టు చేసి, మర్నాడు కోర్టులో హాజరుపరిచి, రిమాండుకు పంపారు. వకీలు లేడంటే కోర్టు నన్ను వేసింది. నేను వేసిన మొదటి బెయిలు పిటిషను పోయింది. సర్కారు తరఫు వకీలు ఒకటే మాట అన్నాడు: "ఇతను మందతో దేశం మీద తిరిగే మనిషి. ఈ నెల అడివంచున ఉంటాడు, వచ్చే నెల ఏటి ఒడ్డున ఉంటాడు. వదిలితే మళ్లీ దొరకడు." జడ్జిగారికి అది నిజమే అనిపించింది. తిరగడం అతని నేరం కాదు, బతుకు. కానీ ఆ బతుకే అతనికి అడ్డం పడింది. ఇంటి దగ్గర భార్య ఒక్కతే మందను కాస్తోంది.

రెండో పిటిషనూ, రిమాండు పొడిగింపూ ఒకే రోజు పడ్డాయి. అది అంగడి రోజు. పదిన్నరకు రావాల్సిన ముద్దాయి పదకొండయినా రాలేదు. రెండు కేసులు జరిపి మళ్లీ పిలిచారు. లేడు. సర్కారు వకీలు ఫోను చూసుకుని లేచాడు.

"ముద్దాయి అంగట్లో పోలీసుల చెయ్యి విదిలించుకుని పారిపోయాడని ఇప్పుడే కబురందింది సార్. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే."

పారిపోతే బెయిలు మాట దేవుడెరుగు, కస్టడీ నుంచి తప్పించుకున్నందుకు ఇంకో కేసు. ఆ రెండో కేసుకు సాక్షులు అంగడంతా. ఏదో అనబోయాను, ఏమన్నానో నాకే తెలియదు. జడ్జిగారు పదినిమిషాలు చూద్దామన్నారు. వరండాలోకి వచ్చి గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. హెడ్డు సాబ్ మీద కూడా పట్టరాని కోపం వచ్చింది. అంత పెద్ద కేసులో మనిషిని చిటికెన వేలుతో పట్టుకొస్తాడా అని నేను, సాక్షాత్తూ నేనే, అనుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అంగట్లో జరిగింది తర్వాత అందరి నోటా విన్నాను. ఇద్దరు కానిస్టేబుళ్ల కాపలా. ఈయన వేలు పట్టుకుని ముందు, రెండోవాడు తుపాకీతో వెనక. గొర్రెల అంగడి పక్కనుంచి వస్తుంటే ఆ కాపరికి ఒక పొట్టేలు అరుపు వినపడింది. అంగట్లో వందల గొర్రెలు అరుస్తుంటాయి. మనకు అన్నీ ఒకటే. అతను మాత్రం టక్కున ఆగి, "గది నాది" అన్నాడు. మెడ తిప్పి చూస్తే, మందకు ముందు నడిచే అతని పొట్టేలును తాడుతో పట్టుకుని, బేరగాళ్ల మధ్య భార్య నిలబడి ఉంది. అంతే, వేలు గుంజుకుని గొర్రెల్లో పడి ఉరికాడు.

రెండో కానిస్టేబుల్ తుపాకీ సర్దుకుని వెంటపడబోతే ఈయన మోచెయ్యి అడ్డం పెట్టాడట.

"ఎంటపడకు. ఎంటపడితేనే పారిపోతడు."

"గాయన ఉరికిండు సాబ్! మన నౌకరీలు పోతయి!"

"వస్తడు. ఆగు."

పరుగు పెట్టలేదు, ఈల వేయలేదు. వేలు విడిపోయిన చోటనే, దారికడ్డంగా, వచ్చేపోయేవాళ్లు తోసుకుంటూ తిడుతున్నా కదలకుండా, ఆ కుడిచెయ్యి అట్లాగే కాస్త పక్కకు చాపి నిలబడ్డాడట. గాజుల దుకాణం ఆమె నాకు చేసి చూపించింది. "పిచ్చోని లెక్క నిలవడ్డడు మేడం" అంది.

అక్కడ గొర్రెల మధ్య ఆలుమగలిద్దరూ ఒకరి మీద ఒకరు కేకలు. పొట్టేలును అమ్మితే మంద చెదురుతదని అతను. అమ్మకపోతే నువ్వు జైల్లోనే చస్తవని ఆమె. టౌనులో పెద్ద వకీలును పెట్టుకోవడానికి అమ్ముతోంది. "కోర్టు వకీలమ్మను ఇచ్చింది గదనే!" అని అతను అంటే, ఆమె అన్న మాట ఇది: "పట్టుకపోయింది సర్కారే, వకీలును ఇచ్చింది సర్కారే. ఇగ మన దిక్కు ఎవరున్నరు?"

ఇదీ నా తప్పు. జైల్లో అతనికి చెప్పాను, "ఉచిత న్యాయ సహాయం కింద నన్ను నియమించారు" అని, వార్తలు చదివినట్టు. అతను తలూపాడు. నా పని అయిపోయిందనుకున్నాను. నెల రోజుల్లో ఒక్కసారైనా ఆ ఇల్లాలిని కూర్చోబెట్టి, అమ్మా, నేను మీ మనిషిని, నాకు పైసా ఇవ్వక్కర్లేదు, నా పని నీ మొగుణ్ణి బయటికి తేవడమే, అని చెప్పలేదు. కోర్టు బయట రెండుసార్లు నా ఎదురుగానే నిలబడింది. ఫైళ్లు పట్టుకుని హడావిడిగా పక్కనుంచి పోయాను.

కాసేపటికి అతను గొర్రెల్లోంచి బయటికొచ్చాడట. ఒళ్లంతా దుమ్ము. వెనక భార్య, ఆమె వెనక పొట్టేలు. తిన్నగా ఈయన దగ్గరికొచ్చి, చాపి ఉన్న వేలును తన వేలుతో పట్టుకున్నాడు.

"వచ్చిన సార్."

"ఊ. పా, టైమయింది" అన్నాడట ఈయన. దారిలో ఆమెతో, "గా వకీలమ్మ మంచిదే బిడ్డా. అరుస్తది గని మంచిది. పొట్టేలును ఉంచుకో" అని కూడా అన్నాడు.

వాళ్లు గేటులోంచి రావడం నేను చూశాను. ముందు ఇద్దరూ వేలు పట్టుకుని, వెనక తుపాకీ ఆయన మొహం మాడ్చుకుని, ఆ వెనక పొట్టేలుతో ఆమె. హెడ్డు సాబ్ పొట్టేలు తాడును వేపచెట్టు కింద తన సైకిలుకే కట్టించి, టోపీ నెత్తిన పెట్టుకుని లోపలికి వచ్చాడు.

జడ్జిగారు నేరుగా ఆయననే అడిగారు. "ముద్దాయి పారిపోయాడంటున్నారు. నిజమేనా?"

"పారిపోలె సార్. నేనే ఇడిసిన."

సర్కారు వకీలు నోరు తెరిచాడు. జడ్జిగారు చెయ్యి ఎత్తి ఆపారు.

"విడవడమేంటి? ఎందుకు?"

"ఇంటామె గొర్రెను అమ్ముకుంటాంది సార్. పోయి మాట్లాడి వచ్చిండు. ఎవరూ పట్టుకరాలె, ఆయనంతట ఆయననే వచ్చిండు."

అప్పుడే బయట పొట్టేలు గొంతు చించుకుని అరిచింది. జడ్జిగారు కిటికీ వైపు చూశారు. "అదేనా?" అని అడిగారు. "గదే సార్" అన్నాడు ఈయన. ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు నవ్వలేదు.

"మీరు చెప్పింది నేను రికార్డులో రాస్తాను. మీ మీద చర్య ఉంటుంది. తెలిసే చెప్తున్నారా?"

"తెలుసు సార్. రాసుకోండ్రి."

నేను లేచి వాదించింది రెండు ముక్కలే. చేతికి బేడీలు లేవు, వెంట పడినవాళ్లు లేరు, చుట్టూ అంగడి ఉంది, అయినా ఈ మనిషి తిరిగొచ్చాడు సార్, వదిలితే దొరకడన్న మాటకు ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు. చట్టం పుస్తకం తెరవనేలేదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత బెయిలు ఇచ్చారు. ఇద్దరు జామీనుదార్లు, ప్రతి సోమవారం మా టౌను ఠాణాలో సంతకం, ప్రతి వాయిదాకు హాజరు.

సాయంత్రం వేపచెట్టు దగ్గర ఆయనను పట్టుకున్నాను. "హెడ్డు సాబ్, నిజం చెప్పండి. మీరే విడిచారా, అతనే గుంజుకున్నాడా?"

చొక్కా ఎత్తి చెవి వెతుక్కుంటూ చెప్పాడు. "గుంజిండమ్మా. నేను గట్టిగ పట్టలె. గట్టిగ పట్టకపోవుడంటే ఇడిసినట్టే గదా."

ఒక ఇంక్రిమెంటు కోశారు. ఖైదీలను తెచ్చే డ్యూటీ తీసేసి, ఠాణా గేటు దగ్గర పారా కాసే పనిలో వేశారు. బేడీలు స్టోరుకు జమ చేసుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది, పిటిషను రాస్తానన్నాను. ఆయన బాధ వేరే. "కొత్త తాళం కొన్న వకీలమ్మా. దాని చెవి నిజంగనే పోయింది" అన్నాడు.

ఆ కేసు నాలుగేళ్లు నడిచింది. ఛార్జిషీటుకే నెలలు పట్టింది. సాక్షి వస్తే జడ్జి సెలవు, జడ్జి ఉంటే సాక్షి రాడు, ఇద్దరూ ఉంటే డాక్టరు వేరే కోర్టులో. ఆ మధ్యలో నేను ఒకటి నేర్చుకున్నాను: కొత్త ముద్దాయి ఫైలు నా చేతికి రాగానే ముందు ఇంటివాళ్లను పిలిపించి, "ఏదీ అమ్మొద్దు" అని చెప్పడం. చివరికి తల పగిలినాయన, కర్ర ఎవరు వేశారో తను చూడలేదని బోనులో నిలబడి చెప్పాడు. కేసు కొట్టేశారు.

ఆ నాలుగేళ్లలో కాపరి ఒక్క వాయిదా తప్పలేదు. మంద ఎక్కడుంటే అక్కడినుంచి, అడివంచునుంచో ఏటి ఒడ్డునుంచో, రెండు బస్సులు మారి వచ్చేవాడు. సోమవారం సంతకానికి ఠాణాకు పోతే గేటులో ఈయన. "వచ్చిన సార్" అనేవాడు. "ఊ" అనేవాడు ఈయన. అంతే మాట. సంతకాల షరతు ఎత్తేశాక కూడా వాయిదా రోజున ముందు ఠాణా గేటు దగ్గరికి పోయి ఆ మాట చెప్పి, "ఊ" అనిపించుకుని, తర్వాతే కోర్టుకు వచ్చేవాడు. నేను విసుక్కునేదాన్ని, పిలుపు టైముకు ఆ తిరుగుడు ఎందుకని. కేసు కొట్టేసిన రోజు కూడా ముందు అక్కడికే పరుగెత్తాడు. ఈయన అప్పటికి రిటైరై నెలయింది. ఇల్లు వెతుక్కుంటూ పోయాడట.

హెడ్డు సాబ్ పోయిన పదోరోజుకు వాళ్లింటికి వెళ్లాను. చిన్న రేకుల ఇల్లు, ముందు వాకిట్లో టెంటు. ఫోటో కుర్చీలో పెట్టారు, టోపీ ఉన్న ఫోటో, ఆయనలాగే లేదు. గోడకు ఆనించి సైకిలు, తాళం లేదు. కొందరు పోలీసులు, మా క్లర్కు, నేను. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది.

భోజనాలు వడ్డిస్తుండగా ఆ కాపరి వచ్చాడు. జుట్టు నెరిసింది. భుజం మీద గొంగడి, కాళ్లకు ఎర్రమట్టి, ఎంత దూరం నుంచి వచ్చాడో. నన్ను చూసి తలూపాడు. చెప్పులు విడిచి, ఫోటో ముందుకు పోయి నిలబడ్డాడు. దండం పెట్టలేదు, పూలు వేయలేదు.

"వచ్చిన సార్" అన్నాడు.

అని, అలవాటుగా ఆగాడు. వడ్డించేవాళ్లు కూడా ఆగిపోయారు. నాకు కళ్లు నిండి ఏమీ కనిపించలేదు.

గడపలోంచి ఆమె లేచిన చప్పుడైంది.

"ఊ" అంది. "చేతులు కడుక్కో బిడ్డా, తిందువు."